కొండనాలుకకు మందు వేస్తే... ఉద్దానంలో గొంతునొప్పి గురించి ఒక హెచ్చరిక

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దల సామెత. చిన్న బాధకు చేసిన వైద్యం పెద్ద అవయవానికే ముప్పు తెచ్చిన సందర్భంలో ఈ మాట వాడుతారు. పలాస, టెక్కలి ప్రాంతాలలో దశాబ్దాలపాటు వైద్యవృత్తిలో ఉండి విరమించిన నాకు, ఈ సామెత ఉద్దానం కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఇక్కడ కొండనాలుకకు వేసిన మందుతో ఊడేది నాలుక కాదు, మూత్రపిండం.

పదవీ విరమణకు కొద్ది ఏండ్ల ముందు సంగతి. వజ్రపుకొత్తూరు వైపు తీరగ్రామం నుంచి ఒక తల్లి నా వద్దకు వచ్చింది. వయస్సు నలభై దాటి ఉంటుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే పని. వేసవి రోజులు. గొంతునొప్పి, జ్వరం మొదలై అయిదు రోజులైంది. మింగడం కష్టమై నీళ్ళు కూడా సరిగా తాగలేదు. పనికి పోకపోతే కూలి పోతుంది కనుక, దారిలోని మందుల దుకాణంలో "గొంతు పట్టేసింది బాబూ, తొందరగా తగ్గేది ఇవ్వు" అని అడిగింది. చీటీ లేకుండానే మూడు రకాల మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. పూటకొక పొట్లం చొప్పున అయిదు రోజులు వాడింది. గొంతునొప్పి తగ్గింది. కాని వాంతులు పట్టుకున్నాయి, మూత్రం బాగా తగ్గిపోయింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 4.2 ఉంది. అంతకు ఏడాది ముందు ఊరిలో జరిగిన వైద్యశిబిరం చీటీలో అదే విలువ 1.6. అంటే ఆమెకు మూత్రపిండాల జబ్బు అప్పటికే మొదలై ఉంది, ఆ సంగతి ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మాత్రలు మాన్పించి పెద్దాసుపత్రికి పంపాము. కొన్ని వారాలకు క్రియాటినిన్ 2.1కి దిగింది గాని, తిరిగి 1.6కు రాలేదు.

ఆ పొట్లంలో ఒకటి డైక్లోఫెనాక్ ఉన్న నొప్పి మాత్ర. ఆమె గొంతునొప్పి ఏ మందూ లేకపోయినా వారం రోజుల్లో దానంతట అదే తగ్గేదని నా నమ్మకం. తగ్గిపోయే నొప్పి కోసం, తిరిగిరాని దానిని ఆమె కోల్పోయింది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆమెయే.

గొంతులోని కావలివారు

నోరు బాగా తెరచి అద్దంలో చూసుకుంటే మధ్యలో వ్రేలాడే చిన్న కండ కనబడుతుంది. అది కొండనాలుక. దానికి ఇరువైపులా బాదంగింజల వలె ఉన్న రెండు మెత్తని గడ్డలే టాన్సిళ్ళు. పల్లెలలో వీటిని కొందరు గవదబిళ్ళలు అంటారు. అది సరికాదు. గవదబిళ్ళలు చెవి క్రింద ఉన్న లాలాజల గ్రంథికి వచ్చే వేరొక వ్యాధి. టాన్సిళ్ళు శరీర రక్షణ వ్యవస్థకు చెందినవి. నోటి నుంచి, ముక్కు నుంచి లోపలికి వచ్చే సూక్ష్మక్రిములను మొదట ఎదుర్కొనే కావలివారు. బాల్యంలో ఇవి పెద్దవిగా ఉండడం సహజం. యౌవనం వచ్చేసరికి చిన్నవవుతాయి. కనుక పిల్లవాని గొంతులో టాన్సిళ్ళు పెద్దవిగా కనిపించినంత మాత్రాన అది రోగం కాదు.

క్రిములతో పోరాడే సమయంలో ఈ కావలివారే వాచి, ఎర్రబడి, నొప్పి పెడితే దానిని టాన్సిలైటిస్ అంటాము. ఎక్కువ సందర్భాలలో దీనికి కారణం వైరస్‌లు. గొంతునొప్పితో వచ్చే పెద్దలలో నూటికి 5 నుంచి 15 మందిలో, పిల్లలలో నూటికి 20 నుంచి 30 మందిలో మాత్రమే గ్రూప్ ఏ స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా కారణమవుతుంది. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. మూడు నాలుగు రోజులు బాధించి, వారంలో తగ్గడం దాని స్వభావం.

ఏది వైరస్, ఏది బాక్టీరియా అని తేల్చుకోవడానికి వైద్యులు 1981 నుంచి సెంటార్ సూత్రాలను వాడుతున్నారు. జ్వరం ఉండడం, దగ్గు లేకపోవడం, టాన్సిళ్ళపై తెల్లని చీము పొర, మెడ ముందు భాగంలో నొక్కితే నొప్పిపెట్టే బిళ్ళలు, ఈ నాలుగూ కలిసి ఉంటే బాక్టీరియా అనుమానం బలపడుతుంది. తుమ్ములు, ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం ఉంటే అది చాలావరకు వైరస్సే. అయితే ఈ లెక్క వైద్యుని ఆలోచనకు సాయం మాత్రమే, వైద్యునికి బదులు కాదు.

అన్ని గొంతునొప్పులూ క్రిముల వల్లనే రావు. జీడిపిక్కలు కాల్చే పొగ, కొబ్బరిపీచు ధూళి, కట్టెల పొయ్యి, చుట్ట, ఇవన్నీ గొంతును రేపుతాయి. అటువంటి నొప్పికి ఏ మాత్ర వేసినా, పొగ వదలనిదే ఉపశమనం ఉండదు.

నొప్పి మాత్ర మూత్రపిండాన్ని ఏమి చేస్తుంది?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి ఎందుకు ఇంతగా ఉన్నదో శాస్త్రం ఇంకా తేల్చలేదు. నీరు, నేల, ఎండలో శ్రమ, ఒంట్లో నీటికొరత, నొప్పి మందులు, వంశపారంపర్యం, ఎన్నో అనుమానాలపై పరిశోధనలు జరిగాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను, మధ్య అమెరికా చెరకు తోటలలోను ఇటువంటి చిక్కుముడే ఉన్నది. కాబట్టి ఉద్దానం వ్యాధికి నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు. కారణం ఏదైనా కానీ, దెబ్బతిన్న మూత్రపిండంపై మరొక దెబ్బ వేసే శక్తి ఆ మాత్రలకు ఉన్నదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలను.

ఎలాగో చూడండి. మూత్రపిండంలోని జల్లెడలకు రక్తం తెచ్చే సన్నని నాళాలు ఎప్పుడూ తెరచి ఉండాలి. శరీరంలో నీరు తగ్గినప్పుడు అవి ముడుచుకుపోకుండా ప్రొస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కాపాడతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటి మందులు ఆ ప్రొస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. నొప్పి, వాపు తగ్గేది అందువల్లనే. మూత్రపిండానికి రక్తం తగ్గేదీ అందువల్లనే. ఆరోగ్యవంతుడు హాయిగా నీరు తాగుతూ ఒకటి రెండు మాత్రలు వేసుకుంటే సాధారణంగా తట్టుకుంటాడు. కాని కొబ్బరితోటలో, ఉప్పుమళ్ళలో రోజంతా చెమటోడ్చి, జ్వరంతో కాగి, గొంతునొప్పితో గుక్కెడు నీరు మింగలేని మనిషికి, అందులోనూ తెలియకుండా మూత్రపిండాలు సగం దెబ్బతిన్న మనిషికి, అదే మాత్ర విషమవుతుంది. ఉద్దానం వ్యాధి మొదట్లో నొప్పి గాని, వాపు గాని చూపదు. అందుచేత "నాకు కిడ్నీ జబ్బు లేదు" అని ఇక్కడ పరీక్ష చేయించుకోకుండా ఎవరూ చెప్పుకోలేరు.

ఇందులో నా తప్పు కూడా ఉన్నది, దాచను. వృత్తిలో చేరిన తొలి సంవత్సరాలలో, "సూది వేస్తేనే తగ్గుతుంది" అని పట్టుబట్టిన రోగులకు నేనూ డైక్లోఫెనాక్ సూది వేయించాను. క్రియాటినిన్ చూడకుండానే వేయించాను. ఆ రోజుల్లో అది మామూలు పని. ఈనాడు తలచుకుంటే మామూలు అనే మాటే ఎంత ప్రమాదకరమో అర్థమవుతున్నది.

ఇంటిలో చేయదగినవి

ఒకటి, ఉప్పునీటి పుక్కిలింత. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు చాలు. నౌపడ ఉప్పుమళ్ళు ప్రక్కన ఉన్న మనకు దీనికి కొదువ లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు గొంతు వరకు పుక్కిలించి ఉమ్మివేయాలి, మింగరాదు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ జాగ్రత్త మరీ పాటించాలి. ఆరేండ్లలోపు పిల్లలకు పుక్కిలించడం చేతకాదు, వారిని బలవంతపెట్టవద్దు.

రెండు, ద్రవాహారం. పలుచని గంజి, చోడి అంబలి, మజ్జిగ, గోరువెచ్చని పాలు, చారు కలిపిన మెత్తని అన్నం. మింగడం నొప్పిగా ఉంటే ఒకేసారి గ్లాసెడు కాక, పది నిమిషాలకు రెండు గుక్కలు చొప్పున తాగాలి. మూత్రం లేతరంగులో, తరచుగా వస్తున్నదంటే శరీరానికి నీరు సరిపోతున్నదని అర్థం. పులిసిన తరవాణి, కారపు పచ్చళ్ళు గొంతు తగ్గేవరకు పక్కన పెట్టండి.

మూడు, తేనె, అల్లం, మిరియాలు, పసుపుపాలు. ఇవి క్రిములను చంపుతాయని కాదు, గొంతుకు హాయినిస్తాయి. అందుకు వాడుకోవచ్చు. అయితే ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించరాదు. బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చును.

నాలుగు, నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దలకు ఒక మోతాదు 500 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు ఒకసారి. పిల్లలకు ఒక మోతాదు బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగు మోతాదులకు మించరాదు. పది కిలోల బిడ్డకు 100 నుంచి 150 మిల్లీగ్రాములన్నమాట. పిల్లల సిరప్ ఒకే పేరుతో రెండు బలాలలో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములో సీసాపై చదివిన తరువాతనే పోయండి. మద్యం అలవాటు ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు దీనిని కూడా వైద్యుని అడిగి వాడాలి.

ఒక మెలకువ. మాత్రపై పారాసిటమాల్ అన్న పేరు చూడగానే నిశ్చింత పడకండి. దాని ప్రక్కనే "ఎసిక్లోఫెనాక్" అనో "డైక్లోఫెనాక్" అనో చిన్న అక్షరాలలో ఉంటుంది. అటువంటి జంట మాత్రలే మన ప్రాంతంలో ఎక్కువగా చేతికి వస్తాయి. చదవడం రాకపోతే "ఇది ఒట్టి పారాసిటమాలేనా?" అని గట్టిగా అడగండి. బడికి వెళ్ళే మనవరాలి చేత చదివించండి.

మూత్రపిండాల జబ్బు ఉన్న ఇంట

ఉద్దానంలో అందరికీ ఒకే సలహా చెల్లదు. "గొంతునొప్పా? కొబ్బరినీళ్ళు తాగు" అన్నది ఇక్కడ ప్రతి ఇంటి మాట. ఆరోగ్యవంతునికి అది అమృతం. కాని మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి, డయాలసిస్‌పై ఉన్నవారికి కొబ్బరినీటిలోని పొటాషియం గుండెను ఆపగలదు. పెరట్లో కొబ్బరిచెట్టు పెట్టుకుని బోండాం తాగవద్దని చెప్పడం నాకూ బాధగానే ఉంటుంది, అయినా చెప్పక తప్పదు. డయాలసిస్ రోగులకు నీటి కొలత ఉంటుంది కనుక, "బాగా ద్రవాలు తాగండి" అన్న మాట కూడా వారికి వర్తించదు. కొలతలోనే తాగుతూ, పుక్కిలింతతో ఉపశమనం పొందాలి. యాంటీబయాటిక్ మోతాదు కూడా వీరికి వేరుగా లెక్క కట్టవలసి ఉంటుంది. గొంతునొప్పి వచ్చిన మొదటిరోజే తమ వైద్యునితో మాట్లాడాలి.

చేయకూడనివి

గొంతుపై సున్నం పట్టు వేయడం వల్ల పసిపిల్లల లేత చర్మం కాలుతుంది. "కొండనాలుక జారింది" అని వ్రేలితో నొక్కించడం, కోయించడం అత్యంత ప్రమాదకరం. రక్తస్రావం, చీము పట్టడం చూశాను. పేరూ ఊరూ లేని చూర్ణాలు వద్దు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్‌ను పన్నెండేండ్లలోపు పిల్లలకు వాడడాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఇంటిలో పాత సీసా మిగిలి ఉంటే పారవేయండి. ఇక చల్లని నీరు, ఐస్‌క్రీము వల్లనే టాన్సిళ్ళు వస్తాయన్నది అపోహ. ఒకరి ఎంగిలి గ్లాసు మరొకరు వాడడం, చేతులు కడగకపోవడం, దగ్గినప్పుడు నోరు మూసుకోకపోవడం, వ్యాప్తికి ఇవే అసలు దారులు.

యాంటీబయాటిక్ ఎప్పుడు, ఎందుకు?

ఇంత చెప్పి, యాంటీబయాటిక్ ఎప్పుడూ వద్దని చెబితే అది మరొక తప్పు అవుతుంది. స్ట్రెప్టోకోకస్ గొంతునొప్పిని సరిగా చికిత్స చేయకపోతే, 5 నుంచి 15 ఏండ్ల పిల్లలలో కొందరికి రెండు మూడు వారాల తరువాత కీళ్ళవాతజ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. విద్యార్థిగా ఉన్నప్పుడు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో, మెట్లెక్కితే ఆయాసపడే పడుచువారిని ఎందరినో చూశాను. బాల్యంలో వచ్చిన గొంతునొప్పి వారి గుండెలో మిగిల్చిన గుర్తు అది. నొప్పి మొదలైన తొమ్మిది రోజులలోపు సరైన మందు మొదలుపెట్టినా ఈ ముప్పు తప్పించవచ్చు. అంటే ఒకరోజు ఆగి వైద్యునికి చూపించుకునే వ్యవధి మనకు ఉన్నది, తొందరపడి దుకాణానికి పరుగెత్తనక్కర లేదు.

సరైన మందు ఏమిటి? 1928లో కనుగొన్న పెన్సిలిన్, దాని సంతతి అమాక్సిసిలిన్. ఇన్నేండ్లు గడచినా గ్రూప్ ఏ స్ట్రెప్టోకోకస్ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉన్నది. అవి పదిరోజులు పూర్తిగా వాడాలి. కాని మన దుకాణాలలో చేతికి వచ్చేది మూడు రోజుల అజిత్రోమైసిన్. పెన్సిలిన్ సరిపడనివారికి దాచుకోవలసిన మందును ప్రతి జలుబుకూ పంచుతున్నాము. దానికి లొంగని క్రిములు ఇప్పటికే అనేక దేశాలలో కనిపిస్తున్నాయి.

రెండు వారాల తరువాత మూత్రం చూడండి

స్ట్రెప్టోకోకస్ గొంతునొప్పి తగ్గిన ఒకటి రెండు వారాలకు కొందరు పిల్లలలో ఉదయం కళ్ళచుట్టూ ఉబ్బు, టీ డికాషన్ రంగులో మూత్రం, మూత్రం తగ్గడం కనిపించవచ్చు. క్రిమిపై శరీరం చేసిన పోరు మూత్రపిండపు జల్లెడలను వాపుకు గురిచేయడం దీనికి కారణం. చర్మంపై చీముపొక్కుల తరువాత కూడా ఇది రావచ్చు. దీనిని చూడగానే "మా బిడ్డకూ ఉద్దానం జబ్బు వచ్చింది" అని తల్లిదండ్రులు కుప్పకూలిపోవడం నేనెరుగుదును. ఇది ఆ జబ్బు కాదు. ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. అయితే ఇంటిలో ఉంచుకోరాదు. రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు వెంటనే జరగాలి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

నోరు తెరవలేకపోవడం, లాలాజలం కూడా మింగలేక కారిపోవడం, నోటిలో వేడి ముద్ద పెట్టుకున్నట్లు మాట మారడం, నొప్పి ఒకవైపే పెరగడం, ఇవి టాన్సిల్ ప్రక్కన చీముగడ్డకు గుర్తులు. ఊపిరిలో కూతశబ్దం, మెడ బిగుసుకోవడం, గొంతులో బూడిదరంగు పొర, మెడంతా వాచిపోవడం కనిపిస్తే క్షణం ఆగరాదు. 108కి ఫోన్ చేయండి. బూడిదరంగు పొర కంఠసర్పికి, అంటే డిఫ్తీరియాకు సూచన కావచ్చు. పిల్లలకు టీకాలు, పదేండ్లకు, పదహారేండ్లకు టీడీ మోతాదు వేయించడం అందుకే. ఒంటిపై దద్దుర్లు వచ్చినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దలకు మరొక మాట. మూడు వారాలు దాటిన గొంతునొప్పి, మింగుడుపడకపోవడం, గొంతు మారడం మామూలు టాన్సిలైటిస్ కాదు. మన జిల్లాలో స్త్రీలు నిప్పుకొన నోటిలో ఉంచి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ప్రపంచ వైద్యగ్రంథాలకెక్కింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. అంగిలిపై ఈ అలవాటు చేసే హాని అందులో నమోదైంది. అటువంటి అవ్వలు ఇంటిలో ఉంటే, నొప్పి లేకపోయినా ఒకసారి నోరు చూపించండి.

ఆపరేషన్ సంగతి. ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేండ్లు ఏటా అయిదుసార్లు, లేదా మూడేండ్లు ఏటా మూడుసార్లు గట్టిగా వస్తేనే టాన్సిళ్ళ తొలగింపును ఆలోచిస్తారు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే అది వేరు. రెండుసార్లు రాగానే కోయించడం అవసరం లేదు.

ఎవరేమి చేయాలి?

మందుల దుకాణం వద్దకు వెళ్ళే మనిషిని నేను తప్పుపట్టను. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో ఈ తీరపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చిన తరువాత, రోజుకూలి పోగొట్టుకోగల స్థితిలో ఎన్ని కుటుంబాలు ఉన్నాయి? ఆసుపత్రిలో వరుసలో నిలబడితే ఒకపూట పోతుంది. పొట్లం అయితే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల వెనుక ఉన్న ఖరీదును ఆమెకు చెప్పవలసిన బాధ్యత మనది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ అదే రోజు మొదలైంది. ఇవి గొప్ప విషయాలు. కాని వందల కోట్లతో మంచినీరు తెచ్చి, రెండు రూపాయల మాత్రతో అదే మూత్రపిండాన్ని పాడుచేసుకుంటే ఫలమేమి? డైక్లోఫెనాక్ గాని, యాంటీబయాటిక్ గాని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని చట్టం ఉన్నది. దేశమంతటా ఆ చట్టం నిదురపోతుంటే పోనీ, ఉద్దానంలో మాత్రం మేలుకొని ఉండాలి. ఇక్కడి ప్రతి దుకాణంలో "క్రియాటినిన్ తెలియకుండా నొప్పి మాత్ర అడగవద్దు" అని తెలుగులో, ఇచ్ఛాపురం వైపు ఒడియాలో కూడా బోర్డు పెట్టాలి. ఆశా కార్యకర్త సంచిలో ఒట్టి పారాసిటమాల్ ఎప్పుడూ ఉండాలి. క్రియాటినిన్ విలువ వ్రాసిన చిన్న కార్డు ప్రతి పెద్దవారి వద్ద ఉండి, గొంతునొప్పికి వెళ్ళినా దానిని ముందుగా చూపించాలి. ఇక గ్రామాలలో మొదట చేయిపట్టి చూసే ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. డైక్లోఫెనాక్ సూది ఎందుకు వేయరాదో కూర్చోబెట్టి చెప్పాలి. నేను చెప్పినప్పుడు విన్నవారు ఉన్నారు.

ఆ తల్లి తరువాత కూడా నా వద్దకు వచ్చేది. ప్రతిసారీ చెంగుకు ముడివేసిన కార్డు తీసి బల్లపై పెట్టేది. ఒకసారి తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి గొంతునొప్పి. "ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను బాబూ, ఒట్టి పారాసిటమాల్ ఇచ్చాను, మూడో రోజు, జొరం తగ్గలేదని తెచ్చాను" అన్నది. ఆమె చెప్పినదాంట్లో నేను సరిదిద్దవలసిన ముక్క ఒక్కటీ లేదు. ఆ కోడలిని పరీక్షించి, తగిన మందు వ్రాసి, క్రియాటినిన్ కూడా చేయించాను. అది మామూలుగానే ఉన్నది. అది అలాగే నిలవాలని, మీ ఇంటిలోనూ నిలవాలని నా కోరిక. కొండనాలుకకు మందు వేసే ముందు, ఉన్న నాలుకను ఒకసారి తలచుకోండి.